వాకిట్లోకి వచ్చిన పెనం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో దోసెకు కూడా పార్టీ ఉండేది. జమ్మలమడుగు దగ్గర పల్లె మాది. రెండు వర్గాలు, రెండు వీధులు, మధ్యలో పోలీసు పికెట్టు. పై వీధిలో ఒకామె కారం దోసెల హోటలు నడిపేది. ఆమెది అవతలి పార్టీ. మా వీధివాళ్ళు అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు గానీ, వాసన మాత్రం రోజూ పీల్చేవాళ్ళు.

మా తమ్ముడికి కండరాలు కరిగిపోయే జబ్బు. మొదట కాళ్ళు పోయాయి, తర్వాత చేతుల్లో పట్టు తగ్గింది. ఇది నయమయ్యేది కాదని, మహా అయితే కొన్నేళ్ళు ఉంటాడని డాక్టర్లు చెప్పేశారు. మా తాత ఒప్పుకోలేదు. బ్రహ్మంగారి మఠానికి మొక్కుకున్నాడు, నాటుమందు తెప్పించాడు. ఆ మందుకు కఠినమైన పథ్యం. ఉప్పు, కారం, పులుపు, నూనె ఏవీ తగలకూడదు. ఏడాదిగా చప్పిడి గంజి తాగి వాడు సగమైపోయాడు. ఎర్రకారం వాసన వస్తే కళ్ళు మూసుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది.

పక్కింటి అక్క జమ్మలమడుగు ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేది. పుండ్లు పడకుండా వాణ్ణి పక్కలు మార్చడం, దిండ్లు ఆనించి కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టడం మా అమ్మకూ నాకూ ఆమే నేర్పింది. ఒక ఆదివారం గంజి గిన్నె చూసి, తాత ఎదుట కూర్చుంది.

"పథ్యం రోగం పోయేదానికి గదా తాతా. ఈ రోగం పోదని నీకూ తెలుసు. మల్ల వాని నోరెందుకు కట్టేస్తాండావు? ఉన్నన్ని దినాలు బాగుండాల గదా. ఏం కావాల్నో వాన్నే అడుగు."

తాత గంజి గిన్నె పక్కకు జరిపాడు. తర్వాత మంచం దగ్గరికెళ్ళి అడిగాడు. వాడు ఆలోచించే పని కూడా పెట్టుకోలేదు. పెనం మీద నుంచి అప్పుడే తీసిన కారం దోసె కావాలన్నాడు.

మేమంతా తాత వైపు చూశాం. వర్గం కోసం జైలుకు పోయొచ్చిన మనిషి. ఆ వీధిలో అడుగుపెడితే తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. ఆయన పంచె దులుపుకుని, వట్టి చేతులతో పై వీధికి నడిచాడు. పికెట్టు పోలీసు లేచి నిలబడ్డాడు. మా అమ్మ లోపల ఉండలేక, బయటికి రాలేక అల్లాడిపోయింది.

కాసేపటికి తాత వెనకే హోటలామె వచ్చింది. నెత్తిన పెనం, చేతిలో పిండి గిన్నె. "మా పిల్లోడు దోసె అడుగుతాండాడు మ్మా," అని ఒక్క మాటే అన్నాడట తాత. మోసుకొస్తే చల్లారిపోతుందని ఆమె పెనాన్నే తెచ్చేసింది. మా వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టించి, అక్క చెప్పినట్టు మెత్తగా కాల్చి, కారం కాస్త తగ్గించి పూసింది.

"నిదానంగా తిను నాయనా, ఇంగా పోస్తాండా," అంది.

వాడు ముక్కు కారుతున్నా నవ్వుకుంటూ తిన్నాడు. తాతకూ ఒకటి పోసిచ్చింది. ఆయన తల వంచుకుని తిని, రెండోది కూడా అడిగాడు.

ఒక్క దోసెతో ఊరేమీ మారలేదు, పికెట్టు అట్లాగే ఉంది. కానీ తమ్ముడు ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఆ పెనం మా వాకిట్లోకి వచ్చింది. డాక్టర్లు అనుకున్నదానికన్నా వాడు ఎక్కువే బతికాడు. పథ్యం మానినందుకో కాదో నాకు తెలియదు. సంతోషంగా బతికాడు, అది మాత్రం తెలుసు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎవరింట్లోనైనా నయంకాని జబ్బుతో బిడ్డ ఉందంటే చూడటానికి వెళ్తాను. డాక్టర్లేమన్నారని పెద్దవాళ్ళను అడగను. మంచం పక్కన కూర్చుని, ఏం తినాలనుందని ఆ బిడ్డనే అడుగుతాను. చాలాసార్లు, ఆ మాట అంతవరకూ వాళ్ళను ఎవరూ అడిగి ఉండరు.