పరస్థానం పెట్టె

మొన్న ఆదివారం పక్క వాటాలో ఉండే అమ్మాయి మా ఇంటికొచ్చి, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒక చేత్తో కాఫీ తాగుతూ రెండో చేతి బొటనవేలితోనే ఫోన్‌లో విదేశంలో జరగబోయే క్రికెట్ ప్రపంచకప్పుకి విమానం టికెట్ వెతికేసింది. మంగళవారం బయల్దేరితే చవకట, మధ్యలో ఎక్కడో దిగి మారితే మరీ చవకట. "ఇంకో రెండ్రోజులు ఆగితే ఇంకా తగ్గుతుందాంటీ, ఆగుతాను" అని గ్లాసు కడిగిపెట్టి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మీద నాకే కోపమూ లేదు, బంగారం లాంటి పిల్ల. అయినా ఆ సాయంత్రమంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. వయసు మీదపడితే కోపాలు చల్లారతాయని మన ఈడువాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటారు గాని, నాది చల్లారలేదు, చల్లార్చుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

డెబ్భై అయిదులో నేను విజయవాడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. నాన్న అప్పటికే పోయారు, నాకు పెళ్ళి కాలేదు, సత్యనారాయణపురంలో రెండు గదుల అద్దె ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని హాకీ కర్ర పట్టుకుని పిల్లల వెంట పరిగెడుతుంటే ప్రహరీ గోడెక్కి కూర్చున్న వెధవలు ఈలలు వేసేవారు. వాళ్ళ ఈలలూ, హెడ్‌మిస్ట్రెస్ సణుగుడూ, ఊళ్ళోవాళ్ళ వెటకారాలూ అన్నీ దులిపేసుకుని నేను ఆడించాను, ఆడాను. ఊళ్ళో చిన్న హాకీ క్లబ్బొకటి ఉండేది. రైల్వేలో గోల్‌కీపరుగా ఆడి రిటైరైన మాస్టారు దాన్ని నడిపేవారు. ఆడదాన్నని చూడకుండా నా పేరు కూడా సభ్యుల పుస్తకంలో రాసుకున్న మహానుభావుడాయన.

ఆ ఏడు కౌలాలంపూర్‌లో ప్రపంచ హాకీ కప్పు జరగబోతోందని తెలిసినప్పటినుంచీ మాస్టారికి ఒకటే ధ్యాస, జన్మలో ఒక్కసారి ఆ ఆటలు కళ్ళారా చూడాలని. విమానం ఛార్జీ వింటేనే మాకు నోరు ఎండిపోయేది. అప్పట్లో చవక టికెట్ అంటే వేళ్ళతో తడిమితే దొరికేది కాదు, కార్డు మీద కార్డు రాసి, మద్రాసు రైలెక్కి వెళ్ళి, ఏజెంట్ల గుమ్మాల్లో గంటలకొద్దీ నిలబడి, వాళ్ళ విసుగు భరించి రాబట్టుకోవలసిన సంగతి. మాస్టారు అలా కాళ్ళరిగేలా తిరిగి చివరికొక మార్గం పట్టుకొచ్చారు. ఒకే సంఘంలో కనీసం ఆరు నెలలుగా సభ్యులైనవాళ్ళు పదిహేను మంది కలిసి వెళ్ళి కలిసి తిరిగొస్తే టికెట్ దాదాపు సగానికి వస్తుంది. పదిహేనులో ఒక్కరు తగ్గినా ఆ ధర ఎవరికీ ఉండదు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ కెమిస్టూ, మైలవరం నుంచి ఒక లెక్కల మాస్టారూ, ఇలా క్లబ్బు సభ్యుల్లో ఏరుకుంటూ వస్తే మా హాకీ మాస్టారితోనూ ఆయన భార్యతోనూ కలిపి పద్నాలుగు మంది తేలారు. పదిహేనో మనిషిని నేను. అమ్మ మెడలో గొలుసు తీసి నా చేతిలో పెట్టింది.

దీనికి అడ్డం పడినవాడు మా బావ, అంటే అక్క మొగుడు. భవానీపురంలో కలప అడితి ఉండేది. నాన్న పోయాక మా ఇంటికి తనే పెద్ద దిక్కని తనకు తనే అనుకున్న మనిషి. "పెళ్ళి కావలసిన పిల్ల పరాయి మగాళ్ళతో దేశాలు తిరిగొస్తే రేపు నేను సంబంధాలెలా తేవాలండీ అత్తయ్యగారూ?" అని మా వసారాలో కూర్చుని మా కాఫీ తాగుతూ అడిగేవాడు. ఆయన తెచ్చిన సంబంధాలు చూశాను కాబట్టి, తేకపోతేనే మేలని మొహం మీదే అన్నాను. అక్క తలుపు వారన నిలబడి నేల చూస్తూ ఉండేది. పాపం అక్క, ఇలాంటి మొగుడితో ఎలా వేగుతోందో అనుకునేదాన్ని.

మా ప్రయాణం ఫిబ్రవరి ఆఖర్లో మంగళవారం పడింది. మంగళవారం ప్రయాణమంటే అమ్మకి ప్రాణం ఒప్పదు. పదిహేను మంది టికెట్లు నా కోసం మార్చరు కదా అని నేను అరిచాక, అయితే పరస్థానం పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. మంచిరోజు చూసి ముందుగానే మన పెట్టె ఇంకొకరింట్లో పెట్టేస్తే మనం ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. ఆ పెట్టె మళ్ళీ మన గడప లోపలికి రాకూడదు, అటునుంచి అటే వెళ్ళిపోవాలి. ఉత్త బట్టలు పెడితే సరిపోదట, ప్రయాణానికి ముఖ్యమైన వస్తువేదో అది పెట్టాలట. పాస్‌పోర్టులన్నీ తన దగ్గరే ఉంచమని మాస్టారు అడిగినా ఇవ్వకుండా, ఇవన్నీ నమ్మనని గొప్పలు పోయే నేనే నా పాస్‌పోర్టుని పెట్టెలో చీరల అడుగున సర్ది, శుక్రవారం పొద్దున దశమి ఘడియల్లో రిక్షాలో తీసుకెళ్ళి అక్క ఇంట్లో పెట్టి వచ్చాను. అక్క పెట్టెకి బొట్టు పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి మద్రాసు రైలు. పన్నెండున్నరకి భవానీపురం చేరేసరికి ఆ ఇంటి తలుపుకి గొళ్ళెం, గొళ్ళేనికి ఇంత లావు తాళం. అడితిలో ఎవరూ లేరు. పొద్దున్నే ఇంటాయన బస్సెక్కారని, ఉయ్యూరులో ఏదో శుభకార్యమనీ, అందరూ వెళ్ళే ఉంటారనీ ఎదురింటావిడ చెప్పింది. నేను తలుపు బాదాను, అక్కా అక్కా అని పిలిచాను, పెరటివైపు వెళ్ళి మూసి ఉన్న కిటికీ రెక్కలు కూడా కొట్టాను. "తాళం పగలగొట్టేద్దామా అమ్మగారూ? అడితిలో గొడ్డలి కనబడతంది" అన్నాడు రిక్షా అతను. ఒక్క క్షణం చెయ్యి చాపాను కూడా. "వద్దు, రేపు మా అక్క కాపురానికే చేటొస్తుంది" అన్నాను. రెండున్నరదాకా ఆ అరుగు మీద కూర్చుని, వట్టి చేతులతో స్టేషనుకి వెళ్ళాను.

ప్లాట్‌ఫారం మీద ఎవరూ నన్ను తిట్టలేదు, తిట్టినా బావుండేది. మద్రాసులో ఏజెంటుని బతిమాలదామని వాళ్ళు రైలెక్కారు. పద్నాలుగు మందికి ఆ ధర కుదరదన్నాడతను. తేడా భరించగలిగిన అయిదుగురు వెళ్ళారు, తొమ్మిది మంది తిరిగొచ్చారు. ఆ తొమ్మిది మందిలో మాస్టారూ ఆయన భార్యా ఉన్నారు. ఫైనల్లో మనవాళ్ళు పాకిస్తాన్ మీద గెలిచిన రోజు మాస్టారింటి రేడియో చుట్టూ వీధంతా చేరి కేకలు వేస్తుంటే, ఆయన మాత్రం లేచి చెప్పులు వేసుకుని ఎటో వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి నేను మళ్ళీ ఆ క్లబ్బు గడప తొక్కలేదు.

బావ బుధవారమే పెట్టె తెచ్చి మా వసారాలో దించాడు. "తారీఖు మర్చిపోయామండీ అత్తయ్యగారూ. పెట్టె మాత్రం భద్రంగా ఉంది చూసుకోండి" అన్నాడు. మడత నలగని చీరల కింద పాస్‌పోర్టు అలాగే ఉంది. ఆ రోజునుంచి ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు ఆ మనిషితో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన ఉన్న పంక్తిలో కూర్చోలేదు, ఆయన షష్టిపూర్తికి వెళ్ళలేదు, ఆయన మంచాన పడ్డాడని తెలిసినప్పుడు పడనీ అనుకున్నాను. అక్కని మాత్రం కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాను. పండక్కి చీరలు నేనే పెట్టాను, కళ్ళ ఆపరేషన్‌కి నేనే తీసుకెళ్ళాను.

బావ పోయిన పన్నెండో రోజున, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, నేనేదో అలవాటు కొద్దీ ఆయన్ని ఒక మాట అన్నాను. అక్క వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండానే చెప్పింది. "ఆయన్ననకే. ఉయ్యూరు వెళుతూ, నువ్వు పెట్టె కోసం వస్తావని తాళంచెవి ఎదురింట్లో ఇచ్చిపోతానన్నారు. నేనే వద్దన్నాను. బయటినుంచి తాళం వేసుకుని పట్టుకుపొమ్మన్నాను. నేను లోపలే ఉన్నాను." నాకు మొదట అర్థం కాలేదు. "నువ్వు పిలిచినవన్నీ వినపడ్డాయి. రిక్షా అతనితో నా కాపురం గురించి అన్నది కూడా వినపడింది. నన్ను ఎనిమిదో క్లాసులో మాన్పించి పెళ్ళి చేశారు కదే. నువ్వు విమానం ఎక్కుతుంటే చూడలేకపోయాను" అంది, ఊరగాయలో ఉప్పెక్కువైందని చెప్పినంత మామూలుగా.

క్షమించమని అడగలేదు. నేనూ క్షమించలేదు. పెళ్ళాం చేసిన పనిని తన నెత్తిన వేసుకుని, నా కారాలూ మిరియాలూ అన్నీ ముప్ఫయ్యేళ్ళు మింగి, నోరు విప్పకుండా పోయిన ఆ కలప అడితి మనిషిని ఇక ఏమని తిట్టాలో తెలియలేదు. ఆయన మంచివాడని ఇప్పటికీ అనను. నా కోపాన్ని మాత్రం తప్పు గుమ్మంలో దింపి వచ్చానని తెలిసింది. ఆ తర్వాత అక్కింటికి వెళ్ళడం మానేశాను. తను ఫోన్ చేస్తే పనుందని పెట్టేసేదాన్ని, పోనుపోనూ ఎత్తడమే మానేశాను.

ఇప్పుడు ఎవరి టికెట్ వాళ్ళ జేబులోనే ఉంటుంది, ఎవరి పెట్టె వాళ్ళింటి నుంచే బయల్దేరుతుంది, పదిహేనో మనిషి రాలేదని పద్నాలుగు మంది ఆగిపోయే రోజులు కావివి. హాయే. మనం ఒకరి మీద ఒకరం అంతలా ఆధారపడి బతికాం కాబట్టే ఒకరినొకరం అంత బాగా దెబ్బ కొట్టుకోగలిగాం. అక్క పోయి ఆరేళ్ళయింది. ఆవిడని సాగనంపేదాకా నా కంట నీటిచుక్క రాలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి తల తుడుచుకుంటుంటే మాత్రం, ఇక ఎన్నిసార్లు ఫోన్ మోగినా, ఎత్తకుండా కూర్చుని సాధించడానికి అవతల అక్క లేదు కదా అని తోచి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.