పొడి వేయని సగం

ఏన్కూరు దగ్గర మెట్టచేలో మిరప వేసిన ఆ కౌలు రైతు, ఏ మాటకైనా ముందు పిడికెడు మట్టి తీసి వాసన చూసేవాడు. "చేనంతా రోగమున్నది సారూ" అన్నాడు. కొత్త మందు పరీక్షకు వచ్చిన నేను ఆయన ముక్కును నమ్మలేదు. వేరుకుళ్లును ఆపే బ్యాక్టీరియా పొడిని పోలిక కోసం సగానికే వేయించాను. వేయని సగం వాడిపోసాగింది.

"ఇంక పచ్చగున్న మొక్కలకైన ఆ పొడి ఇయ్యుండ్రి సారూ. పంట పోతే పట్టాదారు కౌలు తీసేస్తడు."

"ఇప్పుడు వేస్తే పరీక్ష చెడిపోతుంది" అన్నాను. పొడి సంచి నా జీపులోనే ఉంది.

ఆ సగం పూర్తిగా ఎండింది. వేసిన సగం నిలబడింది; పొడి పనిచేసినట్టే కనిపించింది. అయినా ఒక్క ఏడాది ఫలితం చాలదని, వచ్చే ఏడు కూడా సగం వదలమని అడిగాను.

ఆయన నవ్వాడు. "వచ్చేటాయన్ని అడుగుండ్రి సారూ. నన్ను పట్టాదారు నిన్ననే వెళ్లిపొమ్మన్నడు."