కటింగ్ మాస్టర్ గారి బావమరిది

కటింగ్ మాస్టర్‌కి ఉన్న జబ్బు పేరేమిటో ఆ యూనిఫారాల షాపులో ఎవరికీ తెలియదు గానీ, దానికి ఆయన చేసుకునే వైద్యం మాత్రం వీధి మొత్తానికీ తెలుసు. ఉన్నట్టుండి కత్తెర కింద పెట్టి, మెడలో టేపు సర్దుకుని, పన్నెండడుగుల కటింగ్ టేబుల్ ఎక్కి కూర్చుంటాడు. సూది లేని సిరంజి నోట్లో పెట్టుకుని, బుగ్గలు ఉబ్బి మొహం కందగడ్డలా అయ్యేదాకా పదిహేను సెకన్లు ఊదుతాడు. ఊదిన వెంటనే వెల్లకిలా పడుకుని రెండు కాళ్ళూ గోడకి ఎత్తి పెడతాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మడత నలగని ప్యాంటు, పాలిష్ పెట్టిన బూట్లు. ఆ బూట్లు సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తుంటే, షాపులోని పన్నెండు మిషన్లూ ఆగి ఆ బూట్ల వైపు చూస్తుంటాయి.

"ఏమైంది మాస్టారూ?"

"ఏముంది, మా బావమరిది వచ్చాడు."

బావమరిది అంటే ఆయన గుండె. నిమిషానికి డెబ్బై సార్లు కొట్టుకుంటూ బుద్ధిగా ఉండే గుండె ఒక్కసారిగా నూట తొంభైకి ఎగబాకుతుంది. కారణం ఉండదు. "బావమరిది కాకపోతే ఇంకేమిటి? వచ్చేముందు కబురు చెయ్యడు. వచ్చాక ఇల్లంతా కలియబెడతాడు. ఎప్పుడు పోతాడో వాడికే తెలియదు. పోయాక మనం గోల పెడితే, ఏడీ ఎక్కడున్నాడు అని మనల్నే అడుగుతారు" అనేవాడు.

ఆయన భార్యకి నిజంగానే ఒక తమ్ముడున్నాడు. ఆ తమ్ముడు ఒకరోజు షాపుకొచ్చి, "బావా, నేను రాకుండానే నా పేరు పాడుచేస్తున్నావట" అని నిలదీశాడు.

"నువ్వు చాలా నయంరా. నీకు కాఫీ ఇస్తే ఓ మూల కూర్చుంటావు. వాడికి కాఫీ ఇస్తే ఇంకా రెచ్చిపోతాడు" అన్నాడు మాస్టర్.

పడుకున్నంత మాత్రాన పని ఆగాలన్న నియమం ఆయనకి లేదు. ఒక స్కూలు హెడ్మాస్టరు కోటు కొలతలకని వచ్చి, తలకిందులుగా కనిపిస్తున్న మాస్టర్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "రండి సార్, అక్కడే నిలబడండి. భుజం పద్దెనిమిది, చేయి ఇరవై నాలుగు. పొట్ట సంగతి నేను లేచాక మాట్లాడుకుందాం" అన్నాడు మాస్టర్.

"పడుకునే కొలుస్తారా?" అన్నాడు ఆయన.

"కళ్ళు పడుకోలేదు కదండీ."

లేచాక టేపు పెట్టి చూస్తే రెండు కొలతలూ సరిగ్గా ఉన్నాయి. పొట్ట సంగతి హెడ్మాస్టరే మాట్లాడనివ్వలేదు.

జాలి పడితే మాత్రం మాస్టర్ సహించేవాడు కాదు. ఆయన్ని చూసి "అయ్యో పాపం" అన్నవాళ్ళు బొత్తాల డబ్బా ముందేసుకుని సైజుల వారీగా ఏరాలి. అది షాపులో శాసనం. ఓనరు మేడమ్ వాళ్ళ పిన్నిగారు ఒకసారి వచ్చి, "అంతా మనసులోనే ఉంటుంది నాయనా. టెన్షన్ పడకూడదు" అని హితబోధ చేసింది.

"అమ్మా, టెన్షన్ పడకు అని చెప్పగా తగ్గిన టెన్షన్ ఈ భూమ్మీద ఒక్కటి చూపించండి. రేపటి నుంచి కత్తెర పట్టను" అన్నాడు మాస్టర్. ఆవిడ అరగంట సేపు బొత్తాలు ఏరి వెళ్ళింది.

మేడమ్ గాజు గదిలోంచి ఇదంతా చూసి పళ్ళు నూరుకునేది. అంతకు మించి ఏం చెయ్యలేదు. అరవై పొరల గుడ్డని ఒక్క అంగుళం వృథా కాకుండా కోసే చెయ్యి ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

కాజాలమ్మాయి ఆ షాపులో చేరి పదకొండు నెలలైంది. ఇద్దరు పిల్లల తల్లయినా, చొక్కాలకి బొత్తాల కన్నాలు కుట్టే కాజాల మిషన్ మీద కూర్చుంది కాబట్టి అందరికీ కాజాలమ్మాయే. చేరిన మొదటి వారంలోనే మాస్టర్ కాళ్ళెత్తడం చూసి ఆమె హడలిపోయింది. ఇస్త్రీ పెద్దాయన ఆమెకి ధైర్యం చెప్పాడు. "భయపడకమ్మా, మాకిది పాతే. మధ్యలో మూడేళ్ళు అసలు రాలేదు ఆ బావమరిది. నువ్వు చేరిన వారమే మళ్ళీ దిగాడు. మంచి కాలు పెట్టావు."

ఆమె నవ్వలేకపోయింది. ఎందుకంటే ఆమె గుండెలో కూడా ఒకరు వచ్చిపోతుండేవారు. మిషన్ తొక్కుతుండగా, అన్నం వడ్డిస్తుండగా, పిల్లకి జడ వేస్తుండగా, ఎవరో స్విచ్ వేసినట్టు గుండె పరుగందుకునేది. గొంతులో కొట్టుకునేది. పావుగంటకో అరగంటకో, ఎవరో స్విచ్ తీసేసినట్టు ఆగేది. ఈ సంగతి షాపులో ఎవరికీ చెప్పలేదు. జబ్బు మనిషిని మిషన్ మీద ఎవరు కూర్చోబెడతారు?

చెప్పకపోయినా ఆమెకి వైద్యం అబ్బింది. మాస్టర్ పడుకున్నప్పుడల్లా పెద్ద గొంతుతో ప్రసంగం కూడా ఇచ్చేవాడు. "అందరూ చూసి నేర్చుకోండి. ఊదితే పదిహేను సెకన్లు ఊదాలి. ఊదిన వెంటనే పడుకోవాలి, కాళ్ళు లేవాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడబోయినా, ఊపిరి అందకపోయినా ఈ సర్కస్ పనికిరాదు. సరాసరి ఆస్పత్రే."

"మాకెందుకు మాస్టారూ ఇవన్నీ?" అని అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఆవిడ విసుక్కునేది.

"గుండె నాకొక్కడికే ఇచ్చారా ఏమిటి?"

అందరూ ఆయన్ని చూస్తున్న ఆ ఐదు నిమిషాల్లో కాజాలమ్మాయి మెల్లగా వెనక గదిలోకి జారుకుని, మాస్టర్ డ్రాయర్లోంచి తీసుకున్న సిరంజి ఊది, నేల మీద పడుకుని కాళ్ళు గోడకి ఎత్తేది. కొన్నిసార్లు తగ్గేది, కొన్నిసార్లు లేదు. ఒక సిరంజి పోగానే ఆ డ్రాయర్లోకి ఇంకొకటి ఎలా వచ్చేదో ఆమెకి అర్థమయ్యేది కాదు.

స్కూళ్ళు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. చొక్కాలు కొండల్లా పేరుకున్నాయి. ఆ హడావిడిలో ఒకరోజు మాస్టర్ కొలతలకని బయటికి వెళ్ళినప్పుడు ఆమె గుండె పరుగు లంకించుకుంది. టేబుల్ ఖాళీగా ఉంది. చూడ్డానికి బూట్లు లేవు. షాపంతటిలో ఆగిన మిషన్ ఒక్కటే.

మేడమ్ వచ్చి ఎదురుగా నిలబడింది. "మాస్టర్ లేడని ఇవాళ నువ్వు మొదలుపెట్టావా?"

"గుండె దడగా ఉంది మేడమ్."

"చొక్కాలన్నీ చూస్తే నాకూ దడగానే ఉంది. ఈ డ్రామాలు నా దగ్గర వద్దమ్మా. ఇంకొక్కసారి ఈ మిషన్ ఆగిందంటే కాజాలకి వేరే మనిషిని చూసుకుంటాను."

సాయంత్రం ఆమె మెట్ల మీద కూర్చుని ఉంటే మాస్టర్ వచ్చి ఓ మెట్టు కింద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమిటి మాస్టారూ?"

"ఆడపడుచు రావడం. నాకు బావమరిదైతే నీకు ఆడపడుచే కదా."

ఏడవబోయిన మనిషికి నవ్వొచ్చింది. నవ్వొచ్చాక మాటలు కూడా వచ్చాయి. "మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళాం మాస్టారూ. వెళ్ళేసరికి తగ్గిపోతుంది. ఈసీజీ తీస్తే అంతా బాగానే ఉందంటారు. మూడోసారి డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగాడు. మా ఆయన ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. వచ్చాక మా అత్తగారు మాట్లాడారు. ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది, నేనే తెచ్చిపెట్టుకుంటున్నానేమోనని."

"తెచ్చిపెట్టుకుంటున్నావా? ఏదీ, ఇప్పుడు తెచ్చిపెట్టుకో. నేను చూస్తాను."

ఆమె గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంది.

"రాదు కదా? మరి ఇంకెప్పుడూ ఆ మాట అనకు. చూడు, ఆడపడుచు ఇంట్లో ఉండగానే ఫొటో తీయించాలి. వెళ్ళిపోయాక ఖాళీ కుర్చీకి ఫొటో తీసి, ఎవరూ రాలేదు పొమ్మంటున్నారు వాళ్ళు. ఈసారి వస్తే ఊదొద్దు, మొహాన చన్నీళ్ళు కొట్టుకోవద్దు, దానికీ పారిపోతుంది. నాకు చెప్పు. ఈ వీధి చివర గుండె డాక్టరున్నాడు. కావిడెత్తయినా తీసుకెళ్తాను."

తొమ్మిది రోజులు ఆడపడుచు జాడ లేదు. పదో రోజు పదకొండింటికి, తెల్ల చొక్కాకి మూడో కాజా వేస్తుండగా దిగింది. ఆమె చెయ్యి అలవాటుగా బొత్తాల సంచిలోకి పోయి సిరంజి బయటికి తీసింది.

"ఊదకు" అని అరిచాడు మాస్టర్.

ఏడాదిగా ఊదమని ప్రసంగాలిచ్చిన మనిషి ఊదొద్దని అరిచేసరికి అన్ని మిషన్లూ ఆగిపోయాయి. ఆయన వచ్చి ఆమె ముందు వంగి నిలబడ్డాడు. "నొప్పుందా? కళ్ళు తిరుగుతున్నాయా? ఊపిరి ఆడుతోందా?"

"దడ ఒక్కటే."

"అయితే ఎక్కు."

గుడ్డ తాన్లు మోసే తోపుడు బండి దగ్గరికి లాగాడు. ఇస్త్రీ పెద్దాయన వెనక పట్టుకున్నాడు. గాజు గది తలుపు తెరుచుకుంది.

"ఎక్కడికి? ఆ మిషన్ ఎవరు తొక్కుతారు?" అంది మేడమ్.

"డ్రామా అన్నారుగా మేడమ్. ఇవాళ తెర లేపుతున్నాం. ఖాళీ చేసుకుని మీరూ రండి."

మేడమ్‌కి కోపం వచ్చింది. ఆ కోపంతోనే చెప్పులేసుకుని వెంటపడింది.

గుండెని శాంతపరచడానికి పరిగెత్తిన మనుషుల్ని ఆ వీధి చాలామందిని చూసి ఉంటుంది. శాంతించకుండా కాపాడుకుంటూ పరిగెత్తిన వాళ్ళని చూడటం అదే మొదటిసారి. బండి గతుకులో పడ్డప్పుడల్లా మాస్టర్ వెనక్కి తిరిగి, "ఉందా?" అని అడిగేవాడు. "ఉంది మాస్టారూ" అనేది ఆమె.

"దగ్గకు. ముక్కకు. నవ్వు కూడా వద్దు."

"మీరు అలా అంటుంటే నవ్వొస్తోంది."

"అయితే మీ అత్తగారిని తల్చుకో."

క్లినిక్‌లో కౌంటర్ దగ్గరి అమ్మాయి ఫారం జరిపింది. "ఇది నింపండి. మీ ముందు పదకొండు మంది ఉన్నారు." బండిలో ఉన్న మనిషిని చూసి జాలిపడి ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ళ గ్లాసు కూడా అందించింది. మాస్టర్ ఆ గ్లాసు మధ్యలోనే లాక్కుని గటగటా తాగేశాడు.

"టెన్షన్ పడకండి సార్" అంది ఆ అమ్మాయి.

ఇస్త్రీ పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. కానీ మాస్టర్ అరవలేదు. "పడనివ్వు తల్లీ. ఆ టెన్షన్ ఇంకో రెండు నిమిషాలు నిలబడితే చాలు, ఈ పిల్ల అబద్ధాలకోరు కాదని తేలిపోతుంది" అన్నాడు. కూర్చున్న పదకొండు మందీ దారిచ్చారు.

వైర్లు తగిలించారు. కాగితం బయటికొచ్చింది. గీతలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ, కొత్తగా చేరినవాళ్ళు వేసిన ఇరుకు కాజాల్లా ఉన్నాయి. "నూట తొంభై ఆరు" అన్నాడు మిషన్ దగ్గరి కుర్రాడు. డాక్టరు పరుగున వచ్చాడు. "ఇప్పుడు ఊదమ్మా" అన్నాడు. ఆమె ఊదింది, కాళ్ళు ఆయనే పట్టి ఎత్తాడు. రెండో ప్రయత్నానికి గుండె ఠక్కున దారికొచ్చింది.

డాక్టరు కాగితం తీసి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. "ఇది భయం కాదు, బెంగ కాదు. గుండెలో కరెంటు నడిచే దారికి పుట్టుకతోనే ఒక అడ్డదారి ఉంది. కరెంటు అందులో పడి గిరగిరా తిరుగుతోంది, అంతే. మందులున్నాయి. కాదంటే తొడ దగ్గర్నుంచి సన్నటి వైరు పంపి ఆ అడ్డదారిని కాల్చి మూసేస్తాం."

మేడమ్ ఆ కాగితం అందుకుని చాలాసేపు చూసింది. "కాలిస్తే మళ్ళీ రాదా?" అని అడిగింది, కాస్త తగ్గిన గొంతుతో.

"చాలామందికి రాదండీ. మీ మాస్టర్ గారినే చూడండి, నేనే చేశాను. నాలుగేళ్ళయింది. మళ్ళీ వచ్చిందేమో అడగండి."

అందరూ మాస్టర్ వైపు తిరిగారు. మాస్టర్ గోడ మీద వేలాడుతున్న గుండె బొమ్మని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూడసాగాడు.

"నాలుగేళ్ళా? అప్పుడు పళ్ళు కట్టించుకోడానికని సెలవు పెట్టారు కదా" అన్నాడు ఇస్త్రీ పెద్దాయన.

కాజాలమ్మాయికి ఒక్కొక్క రోజూ గుర్తుకొచ్చింది. మాస్టర్ టేబుల్ దగ్గర ఆమెకి వీపు పెట్టి నిలబడేవాడు. కాజాల మిషన్ చప్పుడు ఆగిన ప్రతిసారీ, ఆయన కత్తెర కింద పెట్టేవాడు.

తిరిగి వస్తుంటే అడిగింది. "మాస్టారూ, నాలుగేళ్ళుగా లేని బావమరిది కోసం అన్నిసార్లు టేబుల్ ఎక్కి పడుకున్నారా?"

"నాకు నడుం నొప్పి."

"సిరంజి?"

"అలవాటు."

"ప్రసంగం?"

"ఓవర్‌లాక్ ఆవిడకి విజ్ఞానం తక్కువ. నువ్వు బండిలో కూర్చో, చొక్కాలు ఆగిపోయాయి."

సెలవు మేడమే ఇచ్చింది, కాజాలమ్మాయి అడగకముందే. ఆమె గుండెలోని అడ్డదారి కాల్చి మూసేశారు. మూడో వారానికి మిషన్ మీదికొచ్చింది. కాగితం చూశాక అత్తగారు కూడా మాట్లాడటం తగ్గించారు. మాస్టర్ ఇక టేబుల్ ఎక్కలేదు. రెండు నెలలు ఆయన కాళ్ళు నేల మీదే ఉన్నాయి. చూడ్డానికేమీ లేక షాపు కాస్త చిన్నబోయింది కూడా.

అలాంటిది ఒక మధ్యాహ్నం కత్తెర కింద పెట్టిన చప్పుడైంది. చూస్తే బూట్లు ఫ్యాన్ వైపు లేచి ఉన్నాయి.

ఈసారి ఎవరూ బూట్ల వైపు చూడలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓవర్‌లాక్ ఆవిడ "నాకేం లేదు" అన్నట్టు చేతులు తిప్పింది. ఇస్త్రీ పెద్దాయన ఎందుకైనా మంచిదని తన నాడి పట్టుకుని చూసుకున్నాడు. కాజాలమ్మాయి తల తిప్పి గాజు గదిలోకి చూసింది. పొద్దుటి నుంచీ ఫోన్లో ఎవరితోనో వాదించిన మేడమ్, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చుని ఉంది.

కాజాలమ్మాయి మంచినీళ్ళు తీసుకుని లోపలికెళ్ళి తలుపు వేసింది.

మేడమ్ చటుక్కున కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఏమిటి? నాకేం కాలేదు."

"మీకని ఎవరన్నారు మేడమ్? మాస్టర్ గారికి బాగాలేదు. ఆయనకి తగ్గేదాకా ఇక్కడ కూర్చుందామని వచ్చాను."

మేడమ్ గాజులోంచి బూట్ల వైపు చూసింది. గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగింది.

"ఎంతసేపట్లో తగ్గుతుందంట?"

"అది మీరు చెప్పాలి మేడమ్."