తువ్వాలు కింద పథ్యం

ఎదురింట్లో జలుబు చేసిన పిల్లకు వావిలాకు వేసి నీళ్లు మరిగిస్తున్నారు. ఆ ఘాటు మా అంగట్లోకి వస్తే నాకు ఎమ్మిగనూరు గౌరమ్మ డాక్టరమ్మ గుర్తొస్తుంది. ఇప్పుడామె లేదు. చదివింది ఆయుర్వేదమే గాని, పుట్టింది ఎద్దుల సంతలో దళారి ఇంట. ఆ రెండు చదువులూ ఆమెలో కలిసే ఉండేవి.

మాది ఆదోనిలో నూనె అంగడి. గానుగ నుంచి డబ్బా రాగానే మూత తీసి, వాసన చూసి, కొత్తదో పాతదో తేల్చాలి. నాన్న ముక్కు మీదే అంగడికి పేరొచ్చింది. ఆయన తర్వాత గల్లా దగ్గర కూర్చోవలసిన నాకేమో ఏడాది పొడవునా ముక్కు దిబ్బడ, గొంతులోకి జారే కఫం, నొసటి మీద బరువు. పాత నూనెను కొత్తదనుకుని దించుకున్నాక నాన్న ఒక్కటే మాటన్నాడు. "ముక్కు పనిసెయ్యనోళ్లకు నూనె యాపారమెందుకు? అంగడి నీ తమ్మునికిస్తా." బేరంలో నన్ను మించినవాళ్లు లేరని విర్రవీగేదాన్ని. ముక్కుతో మాత్రం నా బేరం సాగలేదు. మరునాడే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

"గ్యారంటీ ఉందా డాక్టరమ్మా?" అన్నాను కూర్చోకముందే.

"నీ నూనెకుందా?"

"వాసన చూసి తీసుకోమంటాం."

"నేనూ అంతే పాపా. పూర్తిగా పోతాదని సెప్పను. అదుపులో పెట్టుకోవచ్చు."

రాత్రి పెరుగు, పగటి నిద్ర, చల్లటి నీళ్లు మానమంది. మూడూ నా ప్రాణాలే. బేరం మొదలుపెట్టబోతే, ముందు ఆవిరి పట్టమని తల మీద తువ్వాలు కప్పింది. "పెరుగు వారానికి నాలుగు రాత్రులన్నా..." అంటుండగా ఆమె చేయి తువ్వాలు కిందికి వచ్చి నా వేళ్లు పట్టుకుంది. ఎద్దుల సంతలో దళారులు అలాగే పైకి మాట్లాడకుండా, గుడ్డ కింద వేళ్లు పట్టి ధర తేలుస్తారు. ఆమె ఒక వేలు నొక్కింది, వారానికి ఒక్క రాత్రేనని. నేను మూడు చాపాను. ఆమె ఆ ఒక్క వేలూ మడిచేసింది.

"ఇంగా మాట్లాడితే పగలు తాగే మజ్జిగ కూడా పోతాది!"

వేళ్లు వెనక్కి తీసుకుని ఆవిరి పీల్చాను. నేను పోయేటప్పుడు, "మజ్జిగలో శొంఠి పొడి ఏసుకో, అది కొసరు," అంది నవ్వుతూ.

తర్వాత జ్వరం లేని రోజులు చూసి ముఖానికి నూనె మర్దన చేసి, కాపడం పెట్టి, ముక్కులో తైలం చుక్కలు వేసేది. నూనె అమ్మేదానికే నూనె అంటగట్టిన మనిషి ఆమె! కొన్ని నెలలకు ఒక ఉదయం డబ్బా మూత తీస్తే శెనక్కాయల వాసన కమ్మగా తగిలింది. అంగడి దక్కిందనుకున్నాను.

వానలు పడ్డాక జ్వరమొచ్చింది. నొసలు పగిలిపోతున్నట్టుంది, ఒక కన్ను వాచింది. ఆవిరి పడితే చాలనుకుని ఆమె దగ్గరికే వెళ్లాను. ఆమె తువ్వాలు చేతికి తీసుకోలేదు.

"కర్నూలుకు పోదాం పా. ముక్కు డాక్టరు కాడికి."

"ఈరోజుకు మీ చుక్కలు వేయండి. రేపు పోతాను."

నా చేయి పట్టుకుంది. ఈసారి వేళ్లు లెక్కించలేదు. "కన్ను పోతాది పాపా. దీనికి నాకాడ మందు లేదు. లెయ్యి."

వైద్యశాలకు తాళమేసి నాతోపాటే బాడుగ కారెక్కింది. అంగళ్ల మధ్య పెరిగినదాన్ని. వచ్చిన గిరాకీని ఇంకో అంగడికి పంపేవాళ్లనే నేను చూడలేదు, చేయి పట్టుకుని దిగబెట్టేవాళ్ల మాట సరేసరి.

ఆపరేషన్ అయింది, కన్ను దక్కింది. ఆ తర్వాతా పథ్యం, చుక్కలు ఆమె దగ్గరే. వాసన మాత్రం ఎండ కాసిన రోజు వస్తుంది, ముసురు పట్టిన రోజు రాదు. అలాంటి ఒక ముసురు రోజు గిరాకీ వచ్చి, "కొత్త నూనేనా అక్కా?" అన్నాడు. నాన్న పక్కనే ఉన్నాడు. డబ్బా మూత తీసి గిరాకీ ముందుకు జరిపాను.

"ఈ పొద్దు నా ముక్కు పనిసెయ్యలేదన్నా. నువ్వే సూడు."

"యాపారం సేసే మాటేనా ఇది?" అన్నాడు నాన్న పళ్లు బిగించి.

గిరాకీ వాసన చూసి, మొహం చిట్లించి వెళ్లిపోయాడు. నాన్న తానూ డబ్బా మీదికి వంగాడు. కాసేపటికి మూత పెట్టేసి, దాన్ని గానుగకు తిప్పి పంపాడు. తమ్ముడి మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పటికీ ముక్కు దిబ్బడేసిన రోజు ఆ సంగతి గిరాకీకి ముందే చెప్పేస్తాను. ఆ రోజుల్లో ధర మీదా గీచి గీచి బేరమాడను. మిగతా రోజుల సంగతి మాత్రం నన్నడక్కండి.