ఎర్రమట్టి పూసిన పొయ్యి

దోహాలో మా ఆఫీసు పని ఇది: పల్లెల్లో తక్కువ కట్టెతో వండుకునే పొయ్యిలు ఇస్తాం. ఆదా అయిన కట్టె వల్ల గాలిలో కలవకుండా ఆగిన కార్బన్‌ను లెక్కగట్టి, తమ పొగకు బదులుగా చూపించుకునే కంపెనీలకు అమ్ముతాం. వచ్చినదానిలో కొంత ఆ పల్లెలకే తిరిగి వెళ్తుంది. కొత్త పొయ్యిలు, మరమ్మతులు, ఊళ్లో మా తరఫున తిరిగే మనిషి జీతం, అన్నీ అందులోంచే. నేను లెక్కల వైపు ఉంటాను. పొయ్యిలో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో గీసి చూపించగలను. కాకినాడలో గ్యాస్ వంట తిని పెరిగినవాణ్ణి కాబట్టి కట్టెల పొయ్యి రాజేయడం మాత్రం రాదు.

పోయిన చలికాలం నిర్మల్ దగ్గరి ఒక ఊరి లెక్క తేడా కొట్టింది. వంటింటి పరీక్ష అని మాకొకటి ఉంది. పొద్దున కట్టెలు తూచి ఇస్తారు, మర్నాడు మిగిలినవి తూస్తారు. ఆ ఊళ్లో కొత్త పొయ్యిలు పాత మూడు రాళ్ల పొయ్యి తిన్నంత కట్టే తింటున్నాయి. మా మేనేజర్ జోర్డాన్ దేశపు ఆవిడ. మర్యాదగానే చెప్పింది: ఇంకొక్కసారి పరీక్ష చేయిద్దాం, అప్పుడూ ఇలాగే వస్తే ఆ ఊరిని ప్రాజెక్టులోంచి తీసేయక తప్పదు.

అక్కడ మా తరఫున పనిచేసేది ఆ ఊరి కోడలే. ఇల్లిల్లూ తిరిగి, అత్తలను ఒప్పించి, పాత పొయ్యిలు తీయించింది ఆవిడే. ఊరు పోతే ఆవిడ ఉద్యోగం పోతుంది. ఆ అత్తల ముందు నుంచే రోజూ నీళ్లకూ పనికీ వెళ్లాలి, అది ఇంకా కష్టం.

కారణాలు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. పచ్చి కట్టెలు కావు. కాటా మార్చి చూశాం, అదీ కాదు. చాటుగా పాత పొయ్యి వాడటం లేదు. చివరికి పొయ్యిని నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసి పంపమని అడిగాను. అంతవరకూ మాకొచ్చినవన్నీ గిన్నెతో సహా పైనుంచి తీసినవే.

ఫోటోలు అందంగా ఉన్నాయి. ఇనుప పొయ్యికి చుట్టూ ఎర్రమట్టి పూత, దాని మీద తెల్లటి ముగ్గు, పసుపు, కుంకుమ. గాలి లోపలికి పోవడానికి అడుగున వరసగా ఉండాల్సిన చిన్న రంధ్రాలు మాత్రం ఏ ఫోటోలోనూ లేవు.

ఫోన్ చేసి రంధ్రాలేవని అడిగితే ఆ కోడలికి నా ప్రశ్నే వింతగా తోచింది.

"అలికినం సార్. అలకకుంటే ఇనుప డబ్బా లెక్కనే ఉంటది. శుక్రారం దానికి బొట్టెట్ల పెడుతరు?"

మేం ఇచ్చిన కాగితంలో రంధ్రాల్లో బూడిద చేరకుండా చూసుకోమని ఉంది. లోపలి నుంచి వాళ్లు రోజూ దులుపుతూనే ఉన్నారు. బయట అలకడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. పొయ్యి అలికే అలవాటు లేని వేరే దేశం కోసం రాసిన కాగితం అది. మేనేజర్ వెంటనే ఒక వాక్యం చేర్చమంది: పొయ్యికి మట్టి పూయరాదు. ఆ మాట ఊళ్లో ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను.

"అట్లంటే పొయ్యి తీస్కపోయి కొట్టంల పడేస్తరు సార్. మళ్ల మూడు రాళ్లే. అయినా సన్నగ పూసినం, గంతదానికే ఏమైతది?"

ఆవిడ పొయ్యి పూత గీకి చూడమన్నాను. బొట్టు పెట్టిన పొయ్యిని గీకనంది. మా ఆఫీసులో ఒక నమూనా పొయ్యి ఉంది, దానికి ఎవరూ పూజ చేయలేదు. అది చెప్పగానే ఆవిడే దారి చూపింది: "మా ఆయన మీ దుబాయిలనే ఉన్నడు గద, ఆయనతోని అలికియ్యుండ్రి. నాకు ఫోన్ల చూపెట్టుండ్రి." ఇది దుబాయ్ కాదు, ఖతార్ అని ఎన్నోసార్లు చెప్పి మానుకున్నాను.

ఆయన దోహాకు దక్షిణాన మెసయీద్‌లో పరంజీలు కట్టే పని చేస్తాడు, ఉండేది కంపెనీ క్యాంపులో. శుక్రవారం పొద్దున పొయ్యిని కారులో వేసుకుని వెళ్లి ఆయనను ఎక్కించుకున్నాను. ఊరు దాటాక సముద్రం ఒడ్డున ఆగాం. ఇసుక మీద నేరుగా నిప్పు పెట్టకూడదు కాబట్టి ఇనుప రేకు పరిచాను. ఆయన మట్టి సంగతి అడిగాడు. లేదు అనడానికి ఇక్కడి పనివాళ్లు వాడే అరబ్బీ మాటతోనే "ఎర్రమట్టి మాఫీ" అని చెప్పి ముల్తానీ మట్టి పొట్లాలు చూపించాను. దోహాలో నేనుండే ఉమ్ ఘువైలినా పేటలో, మా ఇంటి కింది కొట్లో దొరికిన మట్టి అదొక్కటే.

వీడియోలో ఆవిడ కనిపించింది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు.

"మొఖానికి రాసుకునేది పొయ్యికి రాస్తున్నవా?"

"నీకు తెస్తే అద్దంటివి. పొయ్యన్న తెల్లగైతది," అన్నాడాయన.

"కింది నుంచి మీదికి తియ్యి. గోడకు సున్నమేసినట్టు గాదు."

"తమ్మీ, మా ఫోర్‌మన్ గూడ గిన్ని మాటలనడు," అన్నాడు నాతో.

వెనకున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పూత గాలికి త్వరగానే ఆరింది. సంచుల్లో అమ్మే కట్టెలు పేర్చి ఆయనే అంటించాడు. పొగ మందంగా లేచింది. మంట పసుపు రంగులో అటూ ఇటూ ఊగుతూ కట్టెల్ని నల్లగా మాడ్చింది.

"మా ఇంట్ల గూడ గింతే పొగ," అంది ఆవిడ. "గీ పొయ్యి గింతే అనుకున్న."

ఆయన పుల్లతో అడుగున ఒక్కో రంధ్రం పొడిచి తెరిచాడు. మంట నిటారుగా లేచింది, పొగ పలచబడింది. మళ్లీ కొన్ని మూయమంది ఆవిడ. మూశాడు. పొగ తిరిగి వచ్చింది. తెరవమంది. నేను చేయించాలనుకున్న పరీక్షే అది, నేను నోరు తెరవకుండానే జరిగిపోయింది.

ఆవిడ వెనకవాళ్ల వైపు తిరిగింది. ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత మళ్లీ ఫోన్ వైపు వచ్చింది.

"సార్, గా తూట్లను చుక్కలనుకుంటం. మెలికల ముగ్గుల గీత చుక్క మీదికెల్లి పోదు, చుట్టు తిరుగుతది. మట్టి పూసినంక తూటు తీసి, దాని చుట్టు ముగ్గేస్తం. గప్పుడు ఎవ్వలు గూడ మూయరు. చుక్క మూస్తే ముగ్గు తప్పుతది."

ఆ మధ్యాహ్నం ఆయనను క్యాంపు దగ్గర దించుతుంటే, ఊళ్లో ఉన్నన్నాళ్లూ పొయ్యి ముట్టని తనచేత సముద్రం దాటాక భార్య అలికించిందని నవ్వుతూనే ఉన్నాడు.

మేనేజర్ చేర్చమన్న వాక్యం చేర్చలేదు. దాని బదులు, రంధ్రాల చుట్టూ తిరిగే ముగ్గు ఉన్న పొయ్యి ఫోటో కాగితం మీదికి ఎక్కింది. ఊరి నుంచి ఆవిడ పంపిందే. మేనేజర్ దాన్ని పెద్దది చేసి చూసి, ఇది ఎవరు గీశారని అడిగింది. చెప్పాను. ఆ కాగితం మీద పేర్లు వేయం, లేకపోతే వేయించేదాన్నని అంది.

మా లెక్కలు సరిచూసే బయటి సంస్థ వాళ్లు ఊరికి వచ్చి మళ్లీ తూచారు. అన్ని ఇళ్లూ మారలేదు. కొందరు ముసలమ్మలు పాత పద్ధతిలోనే నిండా పూశారు, వాళ్ల దగ్గర కట్టె తగ్గలేదు. మిగతా ఇళ్లలో తగ్గింది, బాగానే తగ్గింది. మొత్తం మీద ఊరు ప్రాజెక్టులో నిలవడానికి కావలసిన గీత దాటాం. మేనేజర్ సంతకం పెట్టాక మెట్ల దగ్గరికి వచ్చి ఫోన్ చేశాను.

"ఊరు ఉన్నట్టేనా సార్?"

"ఉన్నట్టే అక్కా."

ఆవిడ ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి ఎవరికో, "ఉన్నదట," అంది. వెంటనే అటువైపు ఆడవాళ్లంతా ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్ల మధ్యలోంచి ఆవిడ గొంతు మళ్లీ దగ్గరికి వచ్చింది. నిండా పూసిన ముసలమ్మల ఇళ్లకు ఇప్పుడే పోతున్నానని, మళ్లీ మాట్లాడతానని చెప్పి పెట్టేసింది.