మా ఇంటి కార్ల ట్రాక్, నా మెలికల ముగ్గు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు అడిగేది ఒకటే. "కుట్టు మిషన్‌ను హాలు నడిమిట్ల పెట్టుకున్నరేందమ్మా?" కింద చూడమంటాను. మిషన్ కాళ్ల చుట్టూ, నా స్టూలు చుట్టూ నల్లటి ట్రాక్ తిరిగి, తలుపులోంచి లోపలి గదిలోకి పోతుంది. అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది, జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఆ పని మరిచిపోయి నిలబడిపోతారు.

మాది నాచారం. మా ఆయన ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. నా తమ్ముడిది ఉప్పల్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న షాపు. నాకు తోడబుట్టినవాడు వాడొక్కడే. ఏ పని ఉన్నా లేకున్నా ఆదివారం మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే తింటాడు. వాడి కంచం కూడా వేరే ఉంది, అంచు సొట్టపోయింది, అదే కావాలంటాడు.

ఈ కార్ల పిచ్చి తెచ్చింది కూడా వాడే. షాపులో ఎవరో విరిగిన ఆటసెట్టు వదిలేసి పోతే రెండు కార్లు బాగుచేసి తెచ్చాడు. అరచేతిలో పట్టేంత కార్లు. వాటి ప్లాస్టిక్ దారి పనికి రాకుండా పోయిందని మా ఆయన చెక్క మీద కొత్తది చేశాడు. చెక్కలో సన్నగా గాడి తవ్వాలి, దానికి అటూ ఇటూ రాగి టేపు అతికించాలి. కారు కింద ఉన్న పుల్ల గాడిలో దిగుతుంది, టేపులోంచి కరెంటు తీసుకుని ఉరుకుతుంది. చేతిలో మీట నొక్కితే పరుగు, వదిలితే నెమ్మది. మలుపులో వదలడం తెలియకపోతే కారు ఎగిరి మంచం కింద పడుతుంది.

ఆ మొదటి ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉండేది. రెండు గాడులు, మేం వాటిని గీతలనే అంటాం. ఒకటి లోపల, ఒకటి బయట. మా ఆయన మొదటిరోజు లోపలి గీత వైపు కూర్చున్నాడు, ఇక అది ఆయన జాగా అయిపోయింది. ప్రతి ఆదివారం ఆయనే గెలిచేవాడు.

ఒక ఆదివారం ఆయన కొంచెం ఎక్కువ నవ్వాడు. "సెల్లుఫోన్లు ఇప్పే చేతికి కారేం దొరుకుతది బామ్మర్ది?"

"నీ ఇల్లు, నీ ట్రాకు, నీ లోపలి గీత. గెలువక ఏం జేస్తవ్ బావా?" అన్నాడు తమ్ముడు. "ఒక్కపారి బయటి గీత మీద ఆడు, జూద్దాం."

"ఆడలేక మద్దెల ఓడు అన్నడట!"

తమ్ముడు మీట కింద పెట్టి లేచాడు. నేను వంటింట్లోంచి గరిటెతోనే బయటికి వచ్చాను.

"అరే, కూర దించిన. తినిపోరా."

"ఆకలైతలేదక్కా," అని చెప్పులేసుకుని పోయాడు. సొట్ట కంచం కడిగింది కడిగినట్టే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ మీద ఆదివారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే "గిరాకి ఉందక్కా" అన్నాడు. ఆదివారం వాడు షాపు తీయడని నాకు తెలియదా? ఆటకొకసారి గీతలు మార్చుకుని ఆడుకోండిరా అని చెప్పి చూశాను.

"బావ భిక్షమేస్తున్నడా నాకు?" అన్నాడు.

మా ఆయన పైకి మాత్రం "యాడికి పోతడు, వస్తడు తియ్" అనేవాడు. కానీ ట్రాక్ మీద దుప్పటి కప్పేశాడు.

ఒకరోజు దుప్పటి తీసి, ఎర్ర దారం రెండు గీతల వెంబడి పరిచి కొలిచాను. బయటి గీత జానెడు పైనే పొడుగుంది. వాడి మాటలో తప్పేం లేదు. మా ఆయనకు రెండు దారాలూ చూపించాను.

"బయట తిరిగేది పొడుగుండదా మరి? దానికి ఎవరేం జేస్తరే?" అన్నాడు. అన్నాడే గానీ దారాలను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, మెలికల ముగ్గు వేస్తున్నాను. మా అమ్మ నేర్పింది. గీత చుక్కల చుట్టూ తిరుగుతుంది, తనను తానే దాటుతుంది, చివరికి బయలుదేరిన చోటికే వస్తుంది. ఎక్కడా తెగకూడదు. ఆరోజు జంట గీత తీశాను. ఎడమ చుక్క చుట్టూ తిప్పి, నడుమ దాటించి, కుడి చుక్క చుట్టూ తిప్పాను. పిండి జారుతున్న చెయ్యి అక్కడే ఆగింది. ఎడమ చుక్క దగ్గర బయట ఉన్న గీత కుడి చుక్క దగ్గర లోపలికి వచ్చింది. లోపల ఉన్నది బయటికి పోయింది. ఒకచోట ఎక్కువ తిరిగింది ఇంకోచోట తక్కువ తిరుగుతోంది. ఏళ్ల తరబడి వేస్తున్న ముగ్గు, ఆరోజే కొత్తగా చూసినట్టయింది.

కిటికీ వెలుతురు కోసం లోపలి గదిలో పెట్టుకున్న మిషన్‌ను హాల్లోకి ఈడ్చాను. గది నేల మీద అదే ముగ్గు పెద్దగా వేశాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందే గిది? ఇంట్ల ముగ్గేసినవ్?"

"ముగ్గు గాదు, నీ ట్రాకు. నడిసి సూడు ఒకపారి."

గీత వెంబడి మెల్లగా నడిచాడు. రెండో గీత మీద కూడా నడిచాడు. నడుమకు వచ్చి ఆగాడు.

"ఈడ కార్లు గుద్దుకుంటయ్ గదా?"

"బ్రిడ్జి గట్టు. ఉప్పల్ రోడ్డు మీది బ్రిడ్జి లెక్క ఏండ్లు బెట్టకు, మా తమ్ముడు ముసలోడైతడు."

చాలా రోజుల తర్వాత ఆయన గట్టిగా నవ్వాడు.

చెక్కలు వచ్చాయి. గాడి తవ్విన పొడి పప్పు డబ్బాల మీద కూడా పడింది. మొదటి బ్రిడ్జి మరీ నిటారుగా కట్టాడు, కారు సగం ఎక్కి వెనక్కి జారింది. ఎత్తు మెల్లగా ఎక్కాలంటే దారి పొడుగు కావాలి, గది చాలదు. అందుకని బ్రిడ్జి తలుపు దగ్గరికి జరిగింది, రెండో చుట్టు హాల్లోకి వచ్చి నా మిషన్‌ను చుట్టుకుంది. ముగ్గులో చుక్క ఉన్నట్టు నడుమ నేను. మలుపుల్లో ఆయన అతికించిన టేపు ముడతలు పడి కార్లు ఎగిరెగిరి పడుతుంటే, అదంతా పీకి నేనే అతికించాను. జాకెట్ మెడకు పైపింగ్ అంచు వేసేటప్పుడు గుడ్డను కొంచెం లాగి పట్టుకుంటాం కదా, అట్లా. ఒక్క ముడత రాలేదు.

అప్పుడు తమ్ముడికి ఫోన్ చేశాను. "బ్రిడ్జి మీద వైర్లు అతకాలె. నాకు రాదు, మీ బావకు అసలే రాదు."

"వైర్లకే వస్త. తినేటందుకు గాదు," అన్నాడు.

ఆదివారం వచ్చాడు. వైర్లు అతికి, లేచి, ట్రాక్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"గిది ఎవరేసిన్రు బావా?"

"మీ అక్క," అన్నాడు మా ఆయన. "నేను చెక్క కోసిన, అంతే."

"దారం ఇయ్యక్కా."

ఇచ్చాను. మోకాళ్ల మీద పాకుతూ, మిషన్ కింద దూరి, ఒక గీత కొలిచాడు. తర్వాత రెండోది కొలిచాడు. రెండు దారాల కొసలు చేతిలో కలిపి పట్టుకుంటే సమానంగా వచ్చాయి. మీట చేతిలోకి తీసుకున్నాడు.

ఇద్దరూ ఆడారు. నేను స్టూలు మీద కూర్చుని ఉంటే కార్లు నా చుట్టూ తిరిగి, తలుపులో ఒకటి బ్రిడ్జి కిందనుంచి, ఒకటి పైనుంచి దూసుకుపోయాయి. చివరికి మళ్లీ మా ఆయనే గెలిచాడు. నేను చప్పున తమ్ముడి వైపు చూశాను. మా ఆయన నవ్వకుండా నేలచూపులు చూస్తున్నాడు.

తమ్ముడే నవ్వాడు. "గిప్పుడు ఓడిన బావా. గిది ఓడుడంటే!"

పోయి చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. సొట్ట కంచం పెట్టాను. రెండోసారి కూర వేయించుకుంటూ, "మల్ల వారం నాది ఏ గీతక్కా?" అన్నాడు.

"ఏదైతేందిరా," అన్నాను, "రెండూ నేనేసినవే."