చివరి అంకె

మా ఇంట్లో చావు కబుర్లన్నీ ఫోన్లోనే వచ్చాయి. మా నాన్నది, మా పెద్దక్కది, మా అత్తగారిది. అందుకే తెరమీద తెలియని నంబరు కనిపిస్తే నా కాళ్ళు చల్లబడిపోతాయి. బీమా అమ్ముకునేవాడు ఫోన్ చేసినా గోడ పట్టుకుని గాని ఎత్తను. మా ఆయనకు ఇదంతా వేళాకోళం. నేను చేసిన పని తెలిసిన రోజు మాత్రం ఆయన నవ్వలేదు.

మేముండేది కేంబ్రిడ్జ్‌లో. ఆ పేరు వినగానే చుట్టాలంతా మేము ఇంగ్లండులో ఉన్నామనుకుంటారు. అనుకోనివ్వండి, నేను దిద్దడం మానేశాను. ఇది న్యూజిలాండ్ కేంబ్రిడ్జ్. ఇక్కడ ఏ రోడ్డు పట్టినా కంచెల వెనక గుర్రాలే. నేను ఫార్మసీ కౌంటర్లో పనిచేస్తాను, మా ఆయన పాలపొడి ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. మూడేళ్ళ కిందట మా వెనకగదిలోకి ఒక హైదరాబాద్ అమ్మాయి వచ్చి చేరింది. వాళ్ళ నాన్న మలక్‌పేటలో రేసు గుర్రాలకు మాలిష్ చేసే మనిషి. గుర్రాల మధ్యే పెరిగిన పిల్ల, ఇక్కడి లాయాల్లో పొద్దున్నే గుర్రాలను పరుగెత్తించే పనికి వచ్చింది. నేను స్నానం చేసి వచ్చేసరికి నాలుగు గుర్రాలెక్కి దిగి, బూట్లు గుమ్మం బయట విడిచి, వంటింట్లో నిలబడే నా పప్పుగిన్నె ఖాళీ చేస్తూ ఉండేది. నన్ను ఆంటీ అనేది.

మొదటి ఏడు బాగానే గడిచింది. రెండో ఏడు కంచెలు దూకే పందేలకు మారింది. స్టీపుల్‌చేజ్ అంటారు వీళ్ళు.

"చదును నేలమీద పరుగెత్తితే చాలదటే నీకు?" అని అడిగాను.

"ఉత్తగ ఉరికితే మజా ఏముంటది ఆంటీ? ఎగిరినప్పుడు సూడాలె," అంది.

చూశాను, ఒక్కసారి. కంచె పక్కన నిలబడి చూడమని తనే తీసుకెళ్ళింది. టీవీలో అయితే గుర్రాలు హాయిగా తేలిపోతున్నట్టుంటాయి. దగ్గర అలా కాదు. మొదట నా కాళ్ళ కింద నేల అదిరింది. తర్వాత కంచెకు కట్టిన కొమ్మలు విరిగిన చప్పుడు, గుర్రాల బుసలు, గాల్లో ఉండగానే రౌతులు ఒకరినొకరు తిట్టుకునే కేకలు. అర టన్ను జంతువు మీద గట్టిగా యాభై కిలోలు లేని మా పిల్ల. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి గడ్డిలో గిట్టల గుంటలు మిగిలాయి, వాటిలోకి నీళ్ళు ఊరుతున్నాయి. ఇంటికొచ్చాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. అది భయమే. దానికి ఇంకో పేరు పెట్టను.

నిరుడు, ఏటా జరిగే ఆ పెద్ద స్టీపుల్‌చేజ్‌లో తనకు గుర్రం దొరికింది. ఆరు కిలోమీటర్లకు పైగా దూరం, ఇరవై పైచిలుకు కంచెలు. కంచెలు దూకే రౌతులు జీవితంలో ఒక్కసారైనా ఎక్కాలని కలలుగనే పందెమట అది. దానికి రెండు వారాల ముందు ఒక కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది.

"లైసెన్స్ కాగితం ఆంటీ. నాకేమన్నయితే ఎవరికి ఫోన్ చెయ్యాల్నో రాయాలె. ఇంతకుముందు నాతోని లాయంల పనిచేసే పిల్ల పేరుండె, ఆమె ఆస్ట్రేలియా పోయింది. మీ పేరు రాసిన. నంబర్ మీరు రాయండి జర."

"శుభమా అని పందేనికి వెళ్తూ ఈ కాగితమేమిటే? మీ నాన్న పేరు రాసుకో."

"నాన్నకు నేను దుంకుతున్నట్టే తెల్వదు. ఈడ నాకింకెవరున్నరు ఆంటీ?"

ఆ మాటకు కాదనలేకపోయాను. తను ఫ్రిజ్‌లో పెరుగు వెతుక్కుంటుంటే పెన్ను తీసుకున్నాను. నంబరంతా సరిగ్గానే రాశాను. చివర ఎనిమిది ఉండాలి. మూడు వేశాను.

పొరపాటు కాదు. తెలిసే వేశాను. వాళ్ళ దగ్గర నా నంబరు లేకపోతే ఆ ఫోన్ రాదు. ఆ ఫోన్ రాకపోతే ఏమీ జరగదు. ఇదీ నా లెక్క. రోజంతా మందుల డోసులు ఒకటికి రెండుసార్లు సరిచూసి ఇచ్చే మనిషిని, నాకు ఆ క్షణాన అది పిల్ల చేతికి కట్టిన రక్షలా తోచింది. మర్నాటికే సిగ్గేసింది. చెప్పేద్దాం అనుకుంటూనే రెండు వారాలూ వాయిదా వేశాను.

పందెం శనివారం మధ్యాహ్నం. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు, ఫోన్ లాకర్లో పెట్టి వెళ్ళాలి వాళ్ళు. నేను సోఫా చివర కూర్చుని టీవీ పెట్టాను. మా పిల్లది పసుపు టోపీ. మొదటి చుట్టు దాటింది. రెండోదీ దాటింది. మూడో చుట్టులో, దూరపు మలుపు దగ్గరి కంచె మీద ఆ పసుపురంగు ముందుకు ఒరిగి మాయమైంది. వ్యాఖ్యాత గుర్రం పేరు చెప్పి, పడిపోయిందని ఒక్క ముక్క అనేసి ముందున్నవాటి దగ్గరికి వెళ్ళిపోయాడు. కెమెరా కూడా అటే పోయింది.

కాసేపటికి తన గుర్రం మళ్ళీ కనిపించింది. ఖాళీ జీనుతో, మిగతావాటి పక్కన హాయిగా పరుగెడుతోంది. పందెం ముగిశాక ఒక్క క్షణం ఆ మలుపు చూపించారు. నలుగురు మనుషులు ఆకుపచ్చ తెర పట్టుకుని నిలబడ్డారు. పడిన గుర్రం లేవకపోతే జనానికి కనిపించకుండా ఆ తెర పెడతారని తనే ఒకసారి చెప్పింది. గుర్రం లేచి వెళ్ళిపోయింది కదా. మరి ఆ తెర ఎవరికి?

ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. అది మోగదని అప్పుడు గుర్తొచ్చింది. ఈపాటికి ఎవరో ఆ కాగితం తీసి ఉంటారు. నా అంకెలు చూసి నొక్కుతుంటారు. ఎవరింట్లోనో మోగుతూ ఉంటుంది. ఇన్నేళ్ళూ ఫోన్ మోగుతుందేమోనని వణికిన దాన్ని, ఆ రోజు మోగమని దాన్ని బతిమాలాను.

తన ఫోన్‌కు చేశాను, ఎత్తలేదు. రేస్‌కోర్స్‌కు చేస్తే చాలాసేపటికి ఒకామె ఎత్తింది. కాగితంలో ఉన్న మనిషిని నేనేనన్నాను. నంబరు అడిగింది. చెప్పాను. "సారీ, మా దగ్గరున్నది వేరే నంబరు," అంది. ఆ మూడు నేను వేసిందేనని చెప్పకుండా, పిల్ల ఎక్కడుందని అడిగాను. ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళారో మాత్రం చెప్పింది. బతికుందా అని అడిగాను. ఫోన్లో అంతకుమించి చెప్పలేనంది. ఆవిడ తప్పేం లేదు.

నేను ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒంటరిగా ఎప్పుడూ కారు నడపలేదు. ఆ వేళ వానలో గంటన్నర నడిపాను. లారీలు దాటినప్పుడల్లా అద్దం నిండా నీళ్ళు. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, మొక్కుతూనే నన్ను నేను తిట్టుకున్నాను. ఆ పిల్ల పోతే పక్కన తన మనిషంటూ ఎవరూ ఉండరు. ఉండకుండా చేసింది నేను. దారంతా ఇదొక్కటే.

బతికే ఉంది. కాలర్ బోన్, రెండు పక్కటెముకలు విరిగాయి. తలకు దెబ్బ తగిలి కొంతసేపు స్పృహ లేదట. మెడ కదలకుండా గట్టి పట్టీ వేసి పడుకోబెట్టారు. నన్ను చూడగానే కళ్ళలోంచి నీళ్ళు పక్కలకు జారి చెవుల్లోకి పోయాయి. నేను తుడిచాను.

"మీ నంబర్‌కు చేస్తే ఎవరో ముసలాయన ఎత్తిండంట ఆంటీ," అంది మెల్లగా. "మీ అమ్మాయి పడిపోయిందంటే బెదిరిండంట పాపం. నాకు అమ్మాయే లేదన్నడంట. మళ్ళ ఆయనే ఫోన్ చేసిండంట, ఆ పిల్ల మనుషులు దొరికిన్రా అని. రెండుసార్లు చేసిండంట."

నేను వదిలించుకున్న భయాన్ని ముక్కూ మొహం తెలియని ఆ పెద్దాయన ఆ సాయంత్రమంతా మోశాడు. ఆయన ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

"నంబర్ తప్పు పడ్డదా ఆంటీ?"

అవునంటే అక్కడితో పోయేది. ఆ మొహం చూస్తూ అనలేకపోయాను. "లేదే. కావాలనే తప్పు రాశాను. నీ గురించి అలాంటి ఫోన్ ఎత్తలేక."

చూపు పైకప్పు మీదికి తిప్పుకుంది.

"మూడు గంటల సంది ఆ డోర్ దిక్కే సూస్తున్న ఆంటీ," అంది. "తల తిప్పనియ్యలే. కండ్లు మూలకు పెట్టి సూసిన. ఎవరన్న లోపలికొస్తే మీరే అనుకున్న."

అంతే అంది. తిడితే బాగుండేది.

ఎముకలు అతుక్కున్నాయి. మళ్ళీ గుర్రమెక్కింది. ఈ ఏడైనా ఆ పందెం మానుకుంటుందని మా ఆయనా నేనూ ఆశపడ్డాం. మానుకోలేదు. పోయినవారం మధ్యాహ్నం భోజనం చేస్తుండగా అదే కాగితం మళ్ళీ బల్ల మీద పెట్టి నావైపు జరిపింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చి, ఒక్కో అంకె పైకి చదువుకుంటూ రాశాను. చివర ఎనిమిది వేసి, దాని సున్నాలు రెండూ సరిగ్గా కలిశాయో లేదో చూసి పెన్ను కింద పెట్టాను.

తను కాగితం తిప్పుకుంది. ఎడమచేత్తో తన ఫోన్ తీసి, నేను రాసిన అంకెలు చూస్తూ ఒక్కొక్కటే నొక్కింది.

నా పక్కన ఫోన్ మోగింది. మనిషి ఎదురుగానే ఉంది, కుడిచేతికి పెరుగన్నం అంటుకుని ఉంది. అయినా నా కాళ్ళు చల్లబడ్డాయి. రెండుసార్లు మోగనిచ్చాను. తను నా మొహంలోకి చూస్తూనే ఉంది. బల్ల అంచు పట్టుకుని ఎత్తి, చెవి దగ్గర పెట్టుకున్నాను.

"నేనే ఆంటీ," అంది. "పందెం రోజు కూడ గిట్లనే ఎత్తాలె."